పసుపు పూసిన గిటార్లు

భిక్షపతి ఏ గిటారును చేతికి తీసుకున్నా ముందు తీగ మీటడు. దాన్ని అడ్డంగా పట్టుకుని, ఒక కన్ను మూసి, మెడ పొడవునా చూస్తాడు. మెడ వంగి ఉంటే అక్కడే కింద పెట్టేస్తాడు. వంగకపోతే వీపు మీద వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వింటాడు. ఆ తర్వాత తీగల కింద మోతను పట్టే రాగి చుట్టలు బతికి ఉన్నాయో లేదో చూస్తాడు. రంగు పోయినా, పెచ్చులూడినా, తీగలు బిగించే మరలు వదులైనా అతనికి లెక్క లేదు. "మెడ సక్కగుండాలె, చుట్ట కాలద్దు. మిగిలిందంత నేను చేసుకుంట," అనేవాడు. సంబంధం చూడబోయిన పెద్దమనుషులు కూడా పిల్లను ఇంతసేపు చూడరని అతని తల్లి ఐలవ్వ అనుకునేది.

1995 నాటికి అతని దగ్గర అలాంటి ఎలక్ట్రిక్ గిటార్లు అయిదు చేరాయి. ఎర్రది కరీంనగర్‌లో ఒక ఆర్కెస్ట్రా మూతపడితే దొరికింది. నీలంది నంగునూరు దగ్గరి ఒక చర్చిలో ఉండేది. వాళ్ళు కీబోర్డు కొనుక్కున్నాక దాన్ని మూలన పెట్టేశారు. రెండు హైదరాబాదులో పాత సామాన్ల అంగడిలో, కుట్టుమిషన్ల పక్కన దుమ్ములో పడి ఉంటే తెచ్చాడు. అయిదోదాని మీద కంపెనీ పేరును ఎవరో గీకేశారు. అన్నీ ప్లైవుడ్‌తో చేసిన చవక సరుకే. విదేశీ గిటారంటే పాత బస్టాండు దగ్గర రేడియోలు, టేపు రికార్డర్లు బాగుచేసుకునే మనిషికి అందేది కాదు. అందుకని ఒకదాని చుట్ట తీసి ఇంకొకదానికి బిగించి, ఒకదాని మరలు మరొకదానికి తొడిగి, ఏది ఎలా మోగుతుందో చూస్తుండేవాడు.

అతనికి కావలసింది పెళ్ళిపాటల తియ్యటి మోత కాదు. స్నేహితుడు అఫ్సర్ హైదరాబాదు నుంచి తెచ్చిన క్యాసెట్లలో విదేశీయులు వాయించే సంగీతం. అందులో గిటారు పాడదు, గర్జిస్తుంది. వీళ్ళు దాన్ని హెవీ అనేవారు. దానికోసం భిక్షపతి పాత రేడియోల భాగాలతో ఒక డబ్బా తయారుచేశాడు. గిటారుకూ మైక్ సెట్‌కూ మధ్య దాన్ని తగిలిస్తే, శబ్దం మంచి గుడ్డను నిలువునా చింపినట్టు చిరిగి, మందమై, గోడల్లోంచి వచ్చినట్టు వచ్చేది. ఒంటి చుట్ట గిటారు సన్నగా కీచుమంటుందని, రెండు చుట్టలు పక్కపక్కన ఉన్నదయితేనే ఆ బరువు వస్తుందని తల్లికి కూడా వివరించేవాడు. ఆమె ఊ కొట్టేది.

ఐలవ్వకు అవేవీ పట్టలేదు. ఆమె చెవులు ఎప్పుడూ బయట అరుగుల మీదే ఉండేవి. ఆ వాడలో అన్నీ నేతవాళ్ళ ఇళ్ళు. ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని అరుగుల మీద బీడీలు చుట్టేవారు. సాయంత్రం భిక్షపతి దుకాణం మూసి వచ్చి తీగ మీటగానే, పక్కింటి సుమిత్రమ్మ చేతిలోని తునికాకు ఆపి ఇటు చూసేది.

"నీ కొడుకు ఇంట్ల గిర్ని పెట్టిండా ఏంది అక్కా? పిండి పడతడంటే జొన్నలు తెస్త."

అందరూ నవ్వేవారు. ఐలవ్వ కూడా వాళ్ళతో నవ్వి, లేచి లోపలికి వెళ్ళి కొడుకు గది తలుపు దగ్గరగా వేసేది.

ఆ గది ఒకప్పుడు మగ్గం గది. భర్త ఎల్లయ్య అందులో చీరలు నేసేవాడు. భిక్షపతి చిన్నప్పుడే ఎల్లయ్య మరమగ్గాల పనికి భీవండి వెళ్ళాడు. కొన్నాళ్ళు పండుగలకు వచ్చాడు. తర్వాత కబురు వచ్చేది, మనిషి రాలేదు. ఆ తర్వాత కబురూ లేదు. అక్కడ ఇంకొక ఇల్లు పెట్టుకున్నాడని ఊరివాళ్ళు చెప్పారు. ఐలవ్వ మగ్గం అమ్మేసి, దాని కింది గుంతలో మట్టి పోయించి, పైన పేడతో అలికింది. ఇప్పుడు ఆ జాగాలోనే అయిదు గిటార్లూ గోడకు ఆనుకుని నిలబడి ఉండేవి. ఎవరైనా సంచి సర్దుకుంటుంటే చూడలేకపోవడం ఆమెకు అప్పటినుంచీ ఉంది. చుట్టాలు వెళ్తుంటే కూడా వాకిట్లోంచే సాగనంపేది గాని బస్టాండు దాకా వెళ్ళేది కాదు.

ఆమెకు గిటార్ల మీద కోపం మొదలైంది కూడా ఆ భయంలోంచే. భిక్షపతి పదహారేళ్ళప్పుడు అఫ్సర్ తండ్రి సర్వర్ నడిపే పెళ్ళి బ్యాండు వెంట బారాతులకు తిరగడం మొదలుపెట్టాడు. గిటారు పట్టుకోవడం నేర్పింది సర్వరే. ఒకరోజు ఐలవ్వ వాళ్ళ ఇంటి ముందు నిలబడి, గల్లీ అంతా వినేట్టు మాట్లాడింది. "మీరు బూరలు ఊదుకుంట ఊరూరు తిరుగున్రి. మాది గట్ల తిరిగే బతుకు గాదు. నా కొడుకును ఇడిసిపెట్టున్రి," అంది. సర్వర్ లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆ తర్వాత ఆమె ఆ గల్లీలో అడుగు పెట్టలేదు. అఫ్సర్ మాత్రం ఏమీ జరగనట్టే ఇంటికి వచ్చేవాడు, ఆమె పెట్టిన అన్నం తినేవాడు.

బతుకమ్మ పండుగ రోజుల్లో ఒక మధ్యాహ్నం మోటార్‌ సైకిలు మీద ఒక యువకుడు వాడలోకి వచ్చాడు. జుట్టు భుజాల దాకా ఉంది. ఎండలో నల్లబట్టలు వేసుకున్నాడు. అరుగుల మీది చాటలన్నీ ఆగిపోయాయి.

"గిటార్లు జమ చేసే భిక్షపతి ఇల్లు ఇదేనా అమ్మా?" అని ఐలవ్వనే అడిగాడు.

సుమిత్రమ్మ ఆమె మొహంలోకి చూస్తోంది. మిగతావాళ్ళూ చూస్తున్నారు.

"గిటార్లు మావోనియి కావు," అంది ఐలవ్వ. "రిపేరుకు వచ్చినయి. ఎవలెవలియో తెచ్చి ఇడిసిపోతరు. మావోడు రేడియోలు చేస్తడు, గంతే. వాయించుడు గియించుడు ఏం లేదు."

యువకుడు తికమక పడ్డాడు. అప్పుడే లోపలినుంచి భిక్షపతి వచ్చాడు. భోజనానికి వచ్చి ఇంట్లోనే ఉన్నాడని ఐలవ్వకు ఆ క్షణంలో గుర్తు లేదు. అతని చేతిలో ఎర్ర గిటారు ఉంది.

"నేనే భిక్షపతిని. లోపటికి రాన్రి," అన్నాడు. తల్లి వైపు చూడలేదు.

వచ్చినవాడి పేరు భూపతి. సికింద్రాబాదులో నలుగురు కలిసి హెవీ వాయించే ఒక గుంపు నడుపుతున్నాడు. వాళ్ళ గిటారు మనిషి మానేశాడు. దసరా దాటిన ఆదివారం ఒక హాలులో కార్యక్రమం ఉంది. అఫ్సర్ ద్వారా విని వచ్చాడు. ఐలవ్వ తలుపు పక్కన నిలబడి అంతా విన్నది. భూపతి ఒక్కొక్క గిటారూ తీసి చూసి, పక్కన పెట్టాడు.

"ఇవన్నీ చవకవే గదా. వీటిల్లకెల్లి గా సౌండ్ ఎట్ల తీస్తున్నవ్?"

"చవకదే గని ఎర్రదాని మెడ ఈటె లెక్కుంటది," అన్నాడు భిక్షపతి. "దానికున్న చుట్టలు పనికిరాకుండె. నీలందాని రెండు చుట్టలు తీసి దీనికేసిన. తీగలు మందంవి కట్టి శ్రుతి కిందికి దించిన. వింటరా?"

విన్నాడు. గదిలో గిన్నెలు కదిలాయి. భూపతి వంగి ఆ డబ్బాను తిప్పి చూశాడు. తర్వాత, "అన్నా, ఆదివారం రా. కుదిరితే ఇగ నువ్వే మా గిటారు. ఉండనీకి మా రూమ్ ఉన్నది," అన్నాడు.

గిటారు గురించి అతను అన్న మంచిమాటలేవీ ఐలవ్వకు ఎక్కలేదు. రూమ్ ఉన్నది అన్న మాట ఒక్కటే చెవిలో ఉండిపోయింది.

ఆ సాయంత్రం అన్నం తింటూ భిక్షపతి అడిగాడు.

"రిపేరుకు వచ్చినయని ఎందుకు చెప్పినవ్ అవ్వా?"

"మరి ఏమనాలె?"

"నా కొడుకియి అనాలె."

ఆమె అతని పళ్ళెంలో ఇంకొంచెం అన్నం పెట్టింది. "పోకుంటే ఏమైతది బిడ్డా? ఇంటికాడనే వాయించుకో. నేనేమంటున్న?" అంది.

"ఒక్క దినం పోయొస్త."

"మీ నాయిన గూడ గట్లనే అన్నడు."

"నాయినకు నాకు ఏం జోడవ్వా?" అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

ఆ మాట కన్నా, నా కొడుకియి అనాలె అన్న మాటే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. కొడుకును తాగుబోతు అనలేదు, దొంగ అనలేదు. అయినా నలుగురిలో వాణ్ణి కాదన్నట్టే అయింది. వాడు ఏ వస్తువు ముందు అంతసేపు కూర్చుంటాడో, దేన్ని చంటిపిల్లలా తుడిచి పెడతాడో, అది ఎవరిదో అన్నది. వాడు చేతిలో పట్టుకుని నిలబడి ఉండగా అన్నది. బీడీలు చుడుతున్నా అదే, బతుకమ్మ ఆడుతున్నా అదే మనసులో తిరిగింది.

దసరా పొద్దున ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. దసరాకు పనిముట్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి పూజ చేయడం ఆ ఇంట్లో మగ్గం ఉన్ననాటి ఆచారం. ఇప్పుడు భిక్షపతి స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు, ఎల్లయ్య వదిలిపోయిన మగ్గం నాడె ఒక్కటీ పీట మీద పెట్టేది. గిటార్లను ఏనాడూ పెట్టలేదు. అవి కూడా పనిముట్లేనని ఆమె ఒప్పుకోలేదు గనుక పెట్టలేదు. ఈసారి పెడదామనుకుంది. తను అన్న మాటకు అంతకన్నా మంచి జవాబు ఆమెకు తోచలేదు. భిక్షపతి, అఫ్సర్ బతుకమ్మ ఆటకు కిరాయికిచ్చిన మైక్ సెట్ తెచ్చుకోవడానికి ధూళిమిట్ట వెళ్ళారు. వాళ్ళు వచ్చేలోగా చేసి చూపించాలని అయిదింటినీ మోసుకొచ్చి వాకిట్లో నీళ్ళ గోలెం పక్కన గోడకు ఆనించింది.

ఇత్తడి బిందెలు తోమినట్టే తోమింది. ఇనుప ముక్కలన్నిటికీ చింతపండు రుద్దింది. తీగల మధ్య చేరిన జిడ్డును కొబ్బరిపీచుతో గీకింది. చెంబుతో ముంచి ముంచి నీళ్ళు పోసింది. ఎర్రది, నీలంది, పేరు గీకేసినది కడగడం అయింది. నాలుగోదాని మీద నీళ్ళు పోస్తుంటే, దాని నడుము దగ్గర వైరు గుచ్చే రంధ్రం కనిపించింది. నీళ్ళు అందులోకి పోతున్నాయి, బయటికి రావడం లేదు.

ఆమె చెయ్యి ఆగింది.

రేడియోలు బాగుచేసే ఇంట్లో ఏళ్ళ తరబడి ఉన్న మనిషి ఆమె. మొన్న వానాకాలం గూనపెంకులు కారి రెండు రేడియోలు తడిస్తే, గుడ్డ పెట్టి తుడిచింది తనే. "కరెంటు సామానుకు నీళ్ళు తగిలితే సచ్చినట్టే అవ్వా," అని భిక్షపతి పొయ్యి ముందు కూర్చుని వాటిని ఆరబెట్టాడు. అదంతా ఇప్పుడు గుర్తొచ్చింది. చెంబులో ఇంకా సగం నీళ్ళున్నాయి. ఇవి పనిచేయకపోతే ఆదివారం, అనుకుంది. ఆ ఆలోచనను చివరిదాకా పోనివ్వలేదు. దేవుడి పని సగంలో ఆపకూడదని తనకు తాను చెప్పుకుంది. చెంబు వంచింది. అయిదోదాన్ని కూడా కడిగింది. మొదటి మూడింటి కన్నా శుభ్రంగా కడిగింది.

తర్వాత నూనెలో పసుపు కలిపి మెడల నిండా పూసి, కుంకుమ బొట్లు పెట్టింది. ఒక్కొక్కదానికీ బంతిపూల దండ వేసింది. కొబ్బరికాయ కొట్టి, అగరుబత్తులు వెలిగించింది. వాటిని వరసగా నిలబెట్టి చూస్తే ఆమెకే ముచ్చటేసింది. సుమిత్రమ్మను పిలిచింది.

"గివి రిపేరియి అన్నవు గదక్కా?"

"కాదు. నా కొడుకియి."

"అయిదూ?"

"అయిదూ. ఎవ్వలియో అని తప్పు చెప్పిన ఆనాడు."

సుమిత్రమ్మ బుగ్గ మీద వేలు పెట్టుకుంది. "మంచిగున్నయి తియ్," అని దండం పెట్టుకుని వెళ్ళింది. ఆ మాట పైకి అన్నందుకు ఐలవ్వకు గుండె తేలికపడాలి. పడలేదు. నాలుగో గిటారు కింద నేల తడిసి ఉంది.

మిత్రులిద్దరూ వచ్చేసరికి ఎండ ఎక్కింది. ముందు లోపలికి వచ్చింది అఫ్సర్.

"అరె అవ్వా, గిటార్ల పెండ్లి చేసినవా? ఒక్క మాట చెప్తే మా అబ్బా బ్యాండు తెచ్చేటోడు గదా."

భిక్షపతి వెనక నుంచి చూసి నవ్వాడు. ఆ నవ్వు చిన్నప్పటి నవ్వు. చాలా ఏళ్ళుగా ఆమె చూడనిది. "పండుగకు నాయి గూడ పెట్టినవా అవ్వా?" అని వంగి ఎర్రదాన్ని రెండు చేతులతో పైకి ఎత్తాడు. దండ ఊగింది. గిటారు ఒక పక్కకు ఒరగ్గానే దాని నడుములోంచి నీళ్ళు సన్నని ధారగా అతని పాదాల మీద పడ్డాయి.

భిక్షపతి రెండోదాన్ని ఎత్తాడు. మూడోదాన్ని ఎత్తాడు. దండలు తీసి పక్కన పెట్టాడు, విసిరేయలేదు.

"లోపట గూడ కడిగినవా?" అన్నాడు చివరికి.

"పాపం, ఎర్కలేక చేసింది లేరా," అన్నాడు అఫ్సర్.

"ఎట్ల ఎర్కలేదురా? రేడియోలు తడిస్తే తుడిసింది గీమెనే." భిక్షపతి తల్లి వైపు తిరిగాడు. అతని గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు. "అవ్వా, నీకు ఎర్కలేదా?"

ఎర్కలేదు బిడ్డా అంటే చాలు, అఫ్సర్ నమ్మేవాడు, భిక్షపతి కూడా నమ్మడానికి ప్రయత్నించేవాడు. ఆమెకు ఆ మాట నోటిదాకా వచ్చింది.

"పండుగ గదా బిడ్డా," అంది.

అతను గిటార్లను ఎండలోకి జరిపాడు. మళ్ళీ అడగలేదు.

ఆ పండుగ నాడు అతను జమ్మి ఆకు తేవడానికి వెళ్ళలేదు. గిటార్లన్నీ విప్పి, భాగాలను చాపల మీద పరిచి ఎండబెట్టాడు. మరునాడూ అదే పని. రాగి చుట్టలకు చిలుము పట్టింది. చింతపండు పులుపు తగిలిన మరలు నల్లబడ్డాయి. ప్లైవుడ్ పొరలు ఉబ్బి, తీగలు నిలబెట్టే కమ్మి పైకి లేచింది. ఎర్రదాని మెడ, ఈటెలా ఉండేది, ఎండకు ఒక పక్కకు తిరిగింది. ఎండ ఎక్కువైందో, నీళ్ళు ఎక్కువైనాయో, ఏదైనా ఒకటే. అయిదింటిలోని మంచి ముక్కలన్నీ కలిపి ఒకటి బిగించి చూశాడు. అది గుర్రుమని, చిటపటలాడి ఆగిపోయింది.

"పోను తియ్," అన్నాడు అఫ్సర్‌తో. "భూపతికి ఫోన్ చేసి చెప్పు. వేరేటోన్ని చూసుకొమ్మను."

ఐలవ్వ పొయ్యి దగ్గర ఉంది. ఆ మాట కోసమే తను కదా ఎదురుచూసింది. ఇప్పుడు వచ్చింది. ఆమె చేతిలోని రొట్టె పెనం మీద మాడిపోతున్నా తిప్పలేదు.

కొడుకు తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది. తిట్టలేదు. పెట్టింది తిన్నాడు. ఉప్పు కావాలంటే, "జర ఉప్పు ఇయ్యవా," అని పరాయి ఇంట్లో భోజనానికి కూర్చున్నవాడిలా అడిగాడు. సాయంత్రాలు ఇంట్లో చప్పుడు లేదు. సుమిత్రమ్మ అరుగు మీంచి, "పండుగ పోయినంక ఇల్లు సల్లబడ్డదక్కా," అంది. అందులో ఎగతాళి లేదు. అందుకే ఐలవ్వ తల ఎత్తలేకపోయింది. చాట పక్కన పెట్టి, చెప్పులు తొడుక్కుంది.

సర్వర్ ఇల్లు మారలేదు. తలుపు పక్కన పెద్ద డోలు, గోడకు రెండు గిటార్లు వేలాడుతున్నాయి. ఒకటి మెరిసే తెల్లది, రెండోది నల్లది. నల్లదానికి అంచుల వెంట నల్ల టేపు చుట్టి ఉంది. సర్వర్ మంచం మీద కూర్చుని బూరను గుడ్డతో తుడుస్తున్నాడు. ఆయన భార్య జోహ్రా బియ్యం ఏరుతోంది. ఐలవ్వను చూసి ఇద్దరి చేతులూ ఆగాయి.

"రా చెల్లె, కూసో," అన్నాడు సర్వర్.

ఆమె కూర్చోలేదు. "నేను ఎన్కట ఈ జాగల నిలవడే మాట్లాడిన. మీ బతుకునే అన్న," అంది.

"అన్నవు," అంది జోహ్రా బియ్యం మీంచి చూపు తీయకుండానే. "నేను మర్సిపోలే. ఈయన మర్సిపోయినట్టు చేస్తడు."

"ఇప్పుడు దేనికొచ్చిన్నో అఫ్సర్ చెప్పే ఉంటడు."

"గిటార్లు తడిసినయని చెప్పిండు. ఎర్కలేక కడిగినవని చెప్పిండు," అన్నాడు సర్వర్.

ఐలవ్వ గడప పట్టుకుంది. "ఎర్క లేకుండ కాదన్నా. మొదట ఎర్కలేకనే పోసిన. సగంల యాదికొచ్చింది. ఆగి, మల్ల పోసిన. పోరడు పోకుంట ఉంటడని పోసిన. వాడు అడిగితె చెప్పలే."

జోహ్రా చాట కింద పెట్టింది. సర్వర్ బూర మీది గుడ్డ తీసి మడిచాడు, మళ్ళీ విప్పాడు. చెప్పాలని వచ్చిన మాట చెప్పాక ఆమెకు అక్కడినుంచి పరుగెత్తాలనిపించింది. కాని పనయ్యేదాకా కదలకూడదని నిలబడింది.

"ఒక్కటి ఇయ్యున్రి. ఆదివారానికి. వాపస్ తెచ్చిస్తడు. మీ మైక్ సామానంత వాడే మంచిగ చేసిపెడ్తడు."

"అది వాడు ఎప్పుడూ చేసేదే," అన్నాడు సర్వర్. లేచి రెండు గిటార్లూ దింపి మంచం మీద పెట్టాడు. "ఏది కావాలె?"

ఆమె తెల్లబోయింది. తనను అడుగుతాడనుకోలేదు.

"నాకేం ఎర్క అన్నా?"

"నీ ఇంట్ల అయిదున్నయి. నేను నేర్పిన పొల్లగాడు రోజూ నీ ముందటనే చూస్తడు. ఏం చూస్తడో చూడనే లేదా?"

అది దెప్పిపొడుపో, దయో ఆమెకు తెలియలేదు. తెల్లదాన్ని తీసుకుంది. అడ్డంగా పట్టుకుని ఒక కన్ను మూసింది. జోహ్రా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఐలవ్వకు మెడ తిన్నగా ఉందో లేదో తెలియలేదు. ఆ వంకా ఈ వంకా చూసింది. వీపు మీద తట్టి చెవి ఆనించింది. నల్లదానికి కూడా అలాగే చేసింది. రెండూ ఒకేలా వినిపించాయి. ఆమెకు సిగ్గేసింది. పదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉండి, ఇంత చిన్న సంగతి కూడా నేర్చుకోలేదు. అప్పుడు కొడుకు చెప్పగా ఊ కొట్టిన మాట ఒకటి మాత్రం తట్టింది.

"రెండు చుట్టలు జోడుగున్నది ఏదన్నా? గా బొబ్బరిచ్చేది, గదీ."

సర్వర్ మొదటిసారి నవ్వాడు. "తెల్లది పెండ్లిపాటలకు. నల్లదానికే రెండు చుట్టలు. బారాత్‌ల ఏస్తె గుర్రం బెదురుతదని తీసి పెట్టిన."

"అయితే గదే."

జోహ్రా లేచి పాత దుప్పటి తెచ్చి గిటారుకు చుట్టింది. "నీళ్ళకాడికి తీస్కపోకు," అంది.

ఐలవ్వ దాన్ని చంకకెత్తుకుని నేరుగా పాత బస్టాండు దగ్గరి దుకాణానికి నడిచింది. భిక్షపతి ఒక టేపు రికార్డరు మీద వంగి ఉన్నాడు. బల్ల మీద గిటారు పెట్టి దుప్పటి విప్పింది. అతను గుర్తుపట్టాడు.

"సర్వర్ చాచాది. నువ్వు పోయినవా?"

"పోయిన. రెండుండె. గీ నల్లది నేనే ఏరిన." ఊపిరి తీసుకుంది. "ఆనాడు నువ్వడిగినవు. నాకు ఎర్కనే బిడ్డా. సగంల ఎర్కయింది. అయినా పోసిన."

రోడ్డు మీద బస్సు వెళ్తోంది. భిక్షపతి గిటారు తీసుకుని, అడ్డంగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూశాడు. ఆమెకు తెలియనిదేదో ఆ చూపుకు తెలుస్తోంది.

"మెడ జర వంగింది," అన్నాడు.

"తెల్లది తెచ్చేదుంటినా?"

"లేదు. ఇది సరిచెయ్యొస్తది." స్క్రూడ్రైవరు వెతికాడు. "ఇంటికి పో అవ్వా. ఎండల నిలవడకు."

అంతే అన్నాడు. క్షమించానని అనలేదు, ఆమె అడగలేదు. అతను పనిలో పడిపోయాక కూడా ఆమె కొంచెంసేపు దుకాణం ముందు నిలబడి, వచ్చేపోయేవాళ్ళకు అడ్డమై, చివరికి కదిలింది.

ఆదివారం పొద్దున అఫ్సర్ వచ్చాడు. ఐలవ్వ సద్ది కట్టి ఇచ్చింది. కొడుకు సంచిలో ఏం పెట్టుకుంటున్నాడో చూడకూడదని వాకిట్లోనే ఉంది. లోపల ఏదో సామాను జరుపుతున్న చప్పుడు వినిపించింది. విప్పిన గిటార్ల ముక్కలన్నీ పాత మగ్గం గదిలో పెడుతున్నాడు. తర్వాత గొలుసు పెట్టిన చప్పుడు, దాని వెనకే తాళం చప్పుడు. ఆ గదికి తాళం ఎన్నడూ లేదు. దుకాణంలోని పాత తాళం తెచ్చినట్టున్నాడు.

నల్ల గిటారు భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. తల్లి చూస్తోందని తెలిసీ దాచలేదు.

"పోయొస్త అవ్వా."

"మంచిగ పోయిరా బిడ్డా," అంది. ఎప్పుడొస్తవని అడగలేదు.

వాళ్ళు వీధి మలుపు తిరిగాక సుమిత్రమ్మ చాట పట్టుకుని వచ్చి, తెరిచి ఉన్న దర్వాజలోంచి లోపలికి తొంగిచూసింది.

"ఏందక్కా, నువ్వు ఇంట్ల ఉండంగనే అర్రకు తాళమేసిపోయిండు?"

"నేనున్ననని ఏసిండు," అంది ఐలవ్వ.

సుమిత్రమ్మ ఇంకేదో అడగబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయింది. ఐలవ్వ చీపురు తీసుకుని వాకిలి ఊడ్చింది, ఇల్లు ఊడ్చింది. తాళం వేసిన తలుపు దాకా వచ్చి, దాని గడప కూడా ఊడ్చి, చీపురును తలుపుకు తగలనివ్వకుండా వెనక్కి తీసుకుంది.